ప్రార్థనలో కూడా ఆ మాటే గుర్తొస్తోంది, ఏం చేయను అక్కా?

"అక్కా, నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది, ఇద్దరు పిల్లలు. చిన్నప్పటి నుంచి దేవుని సన్నిధిలో పెరిగాను, బాప్తిస్మం తీసుకున్నాను. ఏడాది క్రితం మా ఆడపడుచు అందరి ముందూ 'ఈమె వచ్చాకే మా తమ్ముడు మాకు దూరమయ్యాడు' అంది. ఆ రోజు నేనేమీ మాట్లాడలేదు. కానీ అప్పటి నుంచి మనసులో ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాను. గిన్నెలు కడుగుతున్నా, బస్సులో కూర్చున్నా, ఆఖరికి మోకాళ్ళ మీద ఉన్నా అదే. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ అదే వాదన. మొన్న పంపు తిప్పి గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాప మూడుసార్లు పిలిచినా వినపడలేదట, నాలుగోసారి పిలిస్తే కసిరేశాను. సంఘంలో ఒక పెద్దావిడతో చెప్పుకుంటే 'నీకు విశ్వాసం తక్కువ, ఇంకా ప్రార్థన చెయ్యి' అన్నారు. మనస్సు మారి నూతనమవ్వాలని ఎన్నిసార్లు చదివానో. నాకెందుకు జరగట్లేదు? అసలు నేను రక్షణ పొందానా అని కూడా అనుమానంగా ఉంది."

చెల్లీ, నువ్వు చివర రాసిన మాట నుంచే మొదలుపెడతాను. ఆడపడుచు అన్న మాట కంటే అదే నిన్ను లోపల ఎక్కువ తినేస్తోందని నాకనిపించింది. ఒకసారి రోమా పత్రిక 12వ అధ్యాయం తియ్యి. నువ్వు చెప్పిన వచనం రెండోది, దాని ముందున్న మొదటి వచనం చూడు. "కాబట్టి సహోదరులారా" అని ఉంటుంది. అంటే పౌలు ఆ మాట రాసింది దేవుణ్ణి ఎరగని వాళ్ళకు కాదు, అప్పటికే నమ్మి, కలిసి ఆరాధన చేసుకుంటున్న వాళ్ళకు. వాళ్ళ మనసులు కూడా ఇంకా మారాల్సి ఉంది కాబట్టే రాశాడు. మనసు ఇంకా మారాల్సి ఉండటమే రక్షణ లేదనడానికి గుర్తు అయితే, ఆ ఉత్తరం సంఘానికి రాయాల్సిన పనే లేదు. అదే పత్రికలో ఏడో అధ్యాయంలో ఆయన తన గురించే చెప్పుకున్నాడు, "నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అని. ఆ తర్వాతి అధ్యాయం మొదలయ్యేది, క్రీస్తుయేసునందున్న వారికి ఏ శిక్షావిధియు లేదన్న మాటతో. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి ఆ అనుమానం ఇక్కడితో పక్కన పెట్టు.

ఆ పెద్దావిడ చెడ్డ మనసుతో అని ఉండరు, నీ మేలు కోరే చెప్పి ఉంటారు. కానీ ఆవిడ మాటతో నేను ఏకీభవించను. నువ్వు ప్రార్థన తక్కువ చేస్తున్నట్టు నాకు కనపడలేదు, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా ఆ మాటే వస్తోందని నువ్వే రాశావు కదా. నిజం చెప్పాలంటే, ఏడాదిగా నువ్వు చేస్తున్న ప్రార్థన చాలావరకు "ప్రభువా, ఈ ఆలోచన తీసెయ్యి" అన్నదే అయి ఉంటుంది. ఆ ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆ ఆలోచన ముందే కూర్చుని ఉంటావు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఒక ప్రయోగం చేశారు. కొంతమందిని కూర్చోబెట్టి, ఐదు నిమిషాల పాటు మనసులోకి వచ్చిందల్లా పైకి చెప్పండి, తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించకండి, ఒకవేళ వస్తే గంట కొట్టండి అన్నారు. వద్దన్నకొద్దీ అది వస్తూనే ఉంది, గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత ఇప్పుడు ఆలోచించుకోవచ్చు అనేసరికి, మొదటి నుంచీ స్వేచ్ఛగా ఆలోచించిన వాళ్ళ కంటే వీళ్ళకే అది ఎక్కువగా వచ్చిందట. ఆలోచనను గెంటేసి మనసును ఖాళీ చేయలేం. ఇది నీ విశ్వాసంలో లోపం కాదు, మనసు పనిచేసే తీరే అంత.

యేసుప్రభువు ఈ సంగతి ఎంత బాగా చెప్పాడో మత్తయి 12లో చూడు. ఒక మనిషిలోంచి అపవిత్రాత్మ వెళ్ళిపోయి, కొన్నాళ్ళకు తిరిగి వచ్చి చూస్తే, ఆ ఇల్లు ఊడ్చి, అమర్చి, ఎవరూ లేకుండా ఉంటుంది. అప్పుడది తనకంటే చెడ్డవి మరో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చి కాపురం పెడుతుంది. నీలో దయ్యం ఉందని చెప్పడానికి ఇది ఎత్తలేదు తల్లీ, దయచేసి అలా తీసుకోకు. నేను చూపించాలనుకున్నది ఆ ఇంటి సంగతి. ఊడ్చిన ఇల్లే అది, చెత్తేమీ లేదు. కానీ లోపల కాపురం ఉండేవాళ్ళు లేరు. మనం కూడా చాలామందిమి అక్కడే ఆగిపోతాం, ఊడ్చి ఊడ్చి అలసిపోతాం, ఎవరిని లోపలికి పిలవాలో చూసుకోం.

ఇంకో మాట. ఆలోచన రావడం వేరు, దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టడం వేరు. అరణ్యంలో శోధకుడైన సాతాను మాటలు ప్రభువు చెవిన కూడా పడ్డాయి, అయినా ఆయనలో పాపం లేదు. ఆ మాటలు వినపడటం వల్ల ఆయన అపవిత్రుడు కాలేదు. మూడుసార్లు శోధన వచ్చింది, మూడుసార్లూ "అని వ్రాయబడియున్నది" అన్నాడు. మూడు వాక్యాలూ ద్వితీయోపదేశకాండంలోవే, కానీ మూడూ వేరువేరు. ఆకలి గురించి వచ్చినదానికి రొట్టె గురించిన వాక్యం, దేవుణ్ణి పరీక్షించమన్నదానికి దేవుణ్ణి శోధింపవద్దన్న వాక్యం, సాగిలపడమన్నదానికి ఎవరికి మొక్కాలో చెప్పే వాక్యం. ఏ మాటకు ఆ జవాబు. నాకు ఇది చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. మనం ఏ బాధ వచ్చినా గోడ మీద ఉన్న ఒకే వాక్యం చదువుకుని, పని చేయలేదని నిరాశపడతాం.

అయితే నీ విషయంలో జవాబు చెప్పాల్సింది ఏ మాటకు? ఆడపడుచు అన్న మాటకు అనుకుంటున్నావు నువ్వు. నాకలా అనిపించడం లేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట నాకు బాగా దగ్గరివాళ్ళు ఒకరు నన్నొక మాట అన్నారు. రెండేళ్ళు మోశాను దాన్ని. ఒకరోజు పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనకవైపు ఆ మాటను ఉన్నది ఉన్నట్టు రాద్దామని కూర్చున్నాను. పెన్ను పట్టుకుంటే గుర్తు రావట్లేదు! రెండేళ్ళు రోజూ విన్న మాట సరిగ్గా గుర్తు రాలేదు. చివరికి గుర్తొచ్చింది ఐదే ఐదు పదాలు. మిగతాదంతా, ఆ గొంతు, ఆ చూపు, 'నువ్వెప్పుడూ ఇంతే' అన్న ముక్తాయింపుతో సహా, నేను రోజూ కొంచెం కొంచెం చేర్చుకున్నదే. వాళ్ళు అన్నది తప్పే, కాదనను. కానీ నన్ను కోసేస్తున్నది వాళ్ళ ఐదు పదాలు కావు, వాటి కింద నేను రాసుకుంటూ పోయిన పేజీలు.

నువ్వు కూడా ఒక కాగితం తీసుకో. పైన ఆమె అన్నది రాయి. ఒక్క వాక్యమే. దాని కింద గీత గీసి, ఆ మాట విన్నాక నీ మనసు నీకు ఏం చెప్పిందో రాయి. నేను ఊహించి చెప్తున్నాను, తప్పైతే కొట్టేసుకో: 'అందరూ లోపల అలాగే అనుకుంటున్నారు', 'మా ఆయన కూడా ఏమీ అనలేదు కాబట్టి ఆయనా అదే అనుకుంటున్నారు', 'తొమ్మిదేళ్ళు చేసినా ఈ ఇంటికి నేను పరాయిదాన్నే'. ఆ చివరిది చూడు. నువ్వు రాత్రి రెండింటికి లేచి వాదిస్తున్నది ఆడపడుచుతో కాదేమో చెల్లీ, ఆ 'పరాయిదాన్ని' అన్న మాటతో. ఆమెను ఎన్ని వాదనల్లో ఓడించినా ఆ మాట లోపల అలాగే ఉంటుంది, అందుకే వాదన ముగియడం లేదు. ఊహలో ప్రతిసారీ గెలుస్తూనే ఉన్నావు కదా, మరి మనసెందుకు చల్లబడలేదు?

ఆ మాటకు జవాబు ఎఫెసీ 2:19లో ఉంది. "కాబట్టి మీరికమీదట పరజనులును పరదేశులునైయుండక, పరిశుద్ధులతో ఏక పట్టణస్థులును దేవుని యింటివారునైయున్నారు." దేవుని ఇంటివారు. పరాయిదాన్ని అన్న చోట సరిగ్గా కూర్చునే మాట ఇది. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నువ్వు ఒక ఇంటిదానివి, ఆ ఇంటి యజమాని తన సొంత రక్తం పెట్టి నిన్ను లోపలికి తెచ్చుకున్నాడు. ఈ వాక్యాన్ని కాగితం మీద ఆ 'పరాయిదాన్నే' అన్న మాట పక్కనే రాయి. కింద కాదు, పక్కనే, అప్పుడే రెండూ ఒకదానికొకటి ఎదురుగా కనపడతాయి.

దీన్ని ఒకసారి చదివి మూసేస్తే సరిపోదని నీకూ తెలుసు. యెహోషువతో దేవుడు ధర్మశాస్త్రాన్ని దివారాత్రం ధ్యానించమన్నాడు కదా, అక్కడ హెబ్రీలో వాడిన మాట 'హాగా'. దానికి గొంతులోనే గొణుక్కోవడం అనే అర్థం ఉంది. యెషయా 31లో సింహం తన వేట మీద నిలబడి గుర్రుమనడానికి కూడా ఇదే మాట వాడారు. అంటే ధ్యానమంటే కళ్ళు మూసుకుని మనసు ఖాళీ చేసుకోవడం కాదు, ఒకే మాటను పట్టుకుని నోట్లో నానబెట్టుకుంటూ, గొణుక్కుంటూ, వదలకుండా ఉండటం. ఇప్పుడు చెప్పు, ఇది నీకు రాని పనా? ఏడాదిగా ఆడపడుచు మాటను నువ్వు నెమరువేస్తున్నది సరిగ్గా ఇలాగే. ధ్యానం చేయడం నీకు చేతకాక కాదు, బ్రహ్మాండంగా వచ్చు. నమలుతున్న మాట మార్చుకోవాలి, అంతే. గిన్నెలు కడిగే ఆ ఇరవై నిమిషాలనే పెట్టుకో మొదట. పంపు తిప్పగానే వాదన మొదలవుతుంది కదా, అదే నీకు గుర్తు అనుకో. పెదాలు కదిలేలా, నీ చెవికి వినపడేంత గొంతుతో, "నేను పరదేశిని కాను, దేవుని ఇంటిదాన్ని" అను. వాదన మళ్ళీ వస్తుంది, వచ్చినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకుండా మళ్ళీ అను. మొదటి వారం ఇది ఉత్త నోటి మాటలా అనిపిస్తుంది, మనసు నమ్మదు. అనిపించనివ్వు. ఏడాది పాటు నమిలినది ఏడు రోజుల్లో పోదు, పౌలు కూడా మన లోపలి మనిషి "దినదినము" నూతనపరచబడుతున్నాడన్నాడే కానీ ఒక్కరోజులో అనలేదు.

ఇక్కడ ఇంకొకటి గమనించు. "రూపాంతరము పొందుడి" అని ఉంది రోమాలో, నువ్వు చెప్పిన ఆ వచనంలోనే. మన తెలుగు బైబిల్లో ఈ మాట మత్తయి 17లో కూడా కనిపిస్తుంది, కొండ మీద శిష్యుల ఎదుట ప్రభువు ముఖం సూర్యునిలా ప్రకాశించినప్పుడు "రూపాంతరము పొందెను" అంటారు. గ్రీకులో కూడా రెండు చోట్లా ఒకే క్రియ. అది కష్టపడి పైపైన పూసుకునే మార్పు కాదు. పొందమన్నాడు, చేసుకోమనలేదు. మన పని ఆ మాట దగ్గర కూర్చోవడం, మార్చే పని ఆయనది. నాకు ఇది ఎప్పుడు చదివినా ఎంతో ఊరటగా ఉంటుంది, ఎందుకంటే నేను కూడా పళ్ళు బిగించి నన్ను నేను మార్చుకోవాలని చూసి విసిగిపోయినదాన్నే.

ఇక ఆడపడుచు సంగతి. ఆమె అన్నది చిన్న మాట కాదు, పైగా అందరి ముందూ అంది. దాన్ని 'పోనీలే' అని కొట్టిపారేయమని నేను చెప్పను. నీ మనసులో రోజూ ఒక కోర్టు నడుస్తోంది, అందులో ఫిర్యాదీ నువ్వే, వకీలూ నువ్వే, జడ్జీ నువ్వే. ఆ కేసులో నీ వైపు న్యాయం ఉన్నా సరే, మూడు పనులూ ఒక్క మనిషి చేస్తే అలసిపోదా? పేతురు ప్రభువు గురించి చెప్తూ, ఆయన దూషింపబడియు బదులు దూషింపలేదని, న్యాయముగా తీర్పు తీర్చు దేవునికి తన్ను తాను అప్పగించుకొనెనని రాశాడు. కేసు లేదనలేదు, కొట్టేయలేదు. పై కోర్టుకు అప్పగించాడు. నువ్వు కూడా ఒకరోజు ఆ కాగితం ముందు పెట్టుకుని గట్టిగా చెప్పు, "ప్రభువా, ఆమె నన్నిలా అంది, నాకు ఇంత నొప్పి కలిగింది, ఈ కేసు నీకు ఇచ్చేస్తున్నాను, తీర్పు నీది" అని. మర్నాడు గిన్నెల దగ్గర మళ్ళీ విచారణ మొదలవుతుంది, అప్పుడు "ఇది నా దగ్గర లేదు, ఇచ్చేశాను" అను. క్షమించడమంటే చాలాసార్లు ఇంత చిన్న మాటనే వందసార్లు అనడం. మరిచిపోవడం దానంతట అదే తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా, రాకపోతే క్షమించలేదని కాదు.

ఒక మాట అంటాను, కోప్పడకు. ఫిలిప్పీ 4:8లో వేటిమీద ధ్యానముంచుకోవాలో పౌలు చెప్తూ అన్నిటికంటే ముందు పెట్టింది "ఏవి సత్యమైనవో" అని. మాన్యమైనవి, రమ్యమైనవి తర్వాత వచ్చాయి. కాబట్టి ఆమె మాటను కూడా ఒకసారి సత్యం వెలుగులో చూడు. నువ్వు దూరం చేశావన్నది నిజం కాకపోవచ్చు. కానీ తమ్ముడు దూరమయ్యాడన్న ఆమె బాధ నిజమై ఉండొచ్చు. మీ ఆయన ఆమెకు ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది? పెళ్ళికి ముందు వారానికోసారి మాట్లాడేవాడు ఇప్పుడు మూడు నెలలకోసారి కూడా మాట్లాడకపోతే, ఆ లోటును ఎవరి మీద వెయ్యాలో తెలియక నీ మీద వేసింది. చేసింది తప్పే, కానీ నువ్వు మనసులో చూస్తున్న రాక్షసి కాదేమో ఆమె.

మీ ఆయనతో ఈ ఏడాదిలో ఒక్కసారైనా మాట్లాడావా దీని గురించి? ఉత్తరంలో ఆయన ఊసే లేదు. ఆయన ఆ రోజు ఏమీ అనకపోయి ఉంటే, ఎందుకు అనలేదో నీకు తెలియదు, నువ్వు ఊహించుకున్నది మాత్రమే తెలుసు. ఏదో ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక, ఆడపడుచు మీద ఫిర్యాదులా కాకుండా, "ఆ రోజు నాకు చాలా ఒంటరిగా అనిపించింది" అని చెప్పు. ఈ ఒక్క వాక్యం చాలు, ఆయన్ని మాట్లాడనివ్వు. తర్వాత, తొందరేం లేదు, ఆడపడుచుతో కూడా విడిగా ఒకసారి మాట్లాడొచ్చు. ప్రభువు మత్తయి 18లో తప్పు చేసినవాళ్ళ దగ్గరికి ముందు మనమే వెళ్ళి, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమన్నాడు. నువ్వు మనసులో ఆమెతో వెయ్యిసార్లు మాట్లాడావు, నిజంగా ఒక్కసారీ మాట్లాడలేదు.

నువ్వు రాయలేదు కానీ అడుగుతున్నాను, ఆమె వాట్సాప్ స్టేటస్ చూస్తున్నావా రోజూ? చూస్తుంటే మ్యూట్ చేసెయ్యి. పగ పెట్టుకుని కాదు, మానుతున్న పుండును గోకకుండా ఉండటానికి.

రాత్రి రెండింటి సంగతి. ఆ సమయంలో ఏ సమస్యనూ తేల్చడానికి కూర్చోకు. అప్పుడు అన్నీ ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తాయి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడి చచ్చిపోతే బాగుండన్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు, దూత వచ్చి లేపి, తిను అన్నాడు, ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. హోరేబు కొండ మీద దేవుని మెల్లని స్వరం ఏలీయాకు వినిపించింది ఆ తర్వాతే. నీ ఒంటికి నిద్ర లేకుండా మనసు నూతనమవ్వాలంటే ఎలా? మెలకువ వస్తే ఫోన్ ముట్టుకోకుండా ఏదైనా కీర్తన నెమ్మదిగా అనుకుంటూ పడుకో, 42వది బాగుంటుంది, "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని కీర్తనకారుడు తన మనసు చెప్పేది వింటూ కూర్చోకుండా తనే దాన్ని నిలదీసి అడుగుతాడు. నిద్ర పట్టకపోయినా పరవాలేదు, వాదన జరగకుండా ఉంటే చాలు.

కానీ ఇది జాగ్రత్తగా విను. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ నిద్ర చెడిపోతూ, దేని మీదా ఇష్టం లేకుండా, ఏడుపు వస్తూ, పనులు చేసుకోలేకపోతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. చచ్చిపోతే బాగుండన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి వాళ్ళను తోడు తీసుకుని వెళ్ళు. మందులు వాడితే విశ్వాసం లేనట్టు అని ఎవరైనా అంటే, పౌలు వెంట తిరిగిన లూకా "ప్రియమైన వైద్యుడు" అని కొలొస్సయి పత్రికలో రాసి ఉందని చెప్పు. ప్రార్థనా, మందూ ఒకే ఇంట్లో ఉండొచ్చు.

నీతో కలిసి ప్రార్థించడానికి ఒక మనిషిని వెతుక్కో, సలహాలు ఇచ్చేవాళ్ళను కాదు, వినేవాళ్ళను. వారానికోసారి ఆ కాగితం చూపించి "ఈ వారం ఇన్నిసార్లు పడ్డాను" అని చెప్పుకోగలిగేంత నమ్మకమైనవాళ్ళు ఒక్కరు చాలు.

పాపకు సారీ చెప్పావా? చెప్పకపోతే ఈ సాయంత్రమే చెప్పు, పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మ వేరే ఏదో ఆలోచిస్తూ నీ మాట వినలేదు, నీ తప్పేం లేదు" అని. ఆ రోజు నాలుగుసార్లు పిలిచి ఏం చెప్పాలనుకుందో అడిగి, చెప్పేదాకా విను. ఆడపడుచు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో, ఏం మాట్లాడాలో నెల తర్వాత మళ్ళీ రాయి, అప్పుడు చూద్దాం.